మాట వినని బ్రేకులు

ఇంట్లో మా వదిన నా మాట వినదు. ఆఫీసులోనైనా వింటుందని మా దగ్గరే ఉద్యోగం ఇప్పించాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మేమిద్దరం పక్కపక్కన కూర్చుని చక్రాల కుర్చీలు డిజైన్ చేస్తాం. కంప్యూటర్లో కుర్చీ మెట్లుమెట్లుగా ఉంటుంది. పైన మొత్తం కుర్చీ, దాని కింద పక్కభాగాలు, వాటి కింద చేతిపట్టీలు, బురదరేకులు, బ్రేకులు. పైమెట్టును ఆపితే, అంటే తెర మీంచి కాసేపు తీసేస్తే, కిందవన్నీ దానితోపాటే ఆగిపోతాయి. ఆగినవి వర్క్‌షాపుకు వెళ్ళే జాబితాలో ఉండవు.

ఈసారి కుర్చీ మా మేనకోడలిది, అంటే వదిన కూతురిది. ఎనిమిదేళ్ళ పిల్ల. "అత్తా, నాది ఎరుపేగా?" అని రోజూ నా ప్రాణాలు తోడేస్తోంది. మూడింటికల్లా జాబితా పంపాలి.

సీటు బాగా కనబడాలని పొద్దున పక్కభాగాలను ఆపాను. అన్నీ మాయమయ్యాయి, రెండు బ్రేకులు తప్ప. అవి తెర మీద గాల్లో వేలాడుతున్నాయి. వాటికి పైమెట్టుతో ఉన్న లంకెను వదిన తెంచేసింది. నాకు ఒళ్ళు మండింది.

"ఏంటిది వదినా? పైన ఒక్కటి నొక్కితే అన్నీ ఆగాలి కదా?"

"ఆపడం నీకు బాగానే వచ్చు. మళ్ళీ పెట్టడమే గుర్తుండదు."

"నేనంత మతిమరుపుదాన్నా?"

"పోయిన నెల కుర్చీ బ్రేకుల్లేకుండా వచ్చి బీరువాకి గుద్దుకుంది. నువ్వు పడీపడీ నవ్వావు. నాకు నవ్వు రాలేదు."

"అయినా సరే, పంపేముందు ఆ లంకె నేనే కలిపేస్తా," అన్నాను మూతి ముడుచుకుని.

మూడింటికి పది నిమిషాలుందనగా, లంకె కలపబోతూ ఎందుకో ఒకసారి జాబితా తెరిచాను. చేతిపట్టీలు లేవు. బురదరేకులు లేవు. పొద్దున ఆపినవి ఆపినట్టే ఉన్నాయి. బ్రేకులు మాత్రం ఉన్నాయి, రెండూ.

మా వీధి ఏటవాలుగా ఉంటుంది. ఆ పిల్ల అక్కడ చేతులు వదిలేసి కిందికి దూసుకుపోతుంది. లంకె కలిపేసి ఉంటే ఆ రెండు బ్రేకులూ ఉండేవి కావు. తల తిప్పి వదిన వైపు చూడలేకపోయాను.

పక్కభాగాలను మళ్ళీ పెట్టాను. లంకెను ముట్టుకోలేదు. బ్రేకుల పక్కన గమనిక రాశాను: 'ఇవి పైవాళ్ళ మాట వినవు. ఎవరూ మార్చకండి.' జాబితా పంపేశాను.

వదిన వంగి చదివింది. "ఇది బ్రేకుల గురించా, నా గురించా?"

"బ్రేకుల గురించే. నీ గురించి మా అన్నయ్యనడుగు," అన్నాను. అని, ఆఫీసులో అందరూ చూస్తుండగానే వదిన భుజం మీద తల పెట్టేసుకున్నాను.