బావగారి ఖాళీ వరుసలు

పళ్ళ డాక్టరుగారి వెయిటింగ్ రూములో రోగులు లేచి వెళ్ళాక నాటకం రిహార్సల్ మొదలయ్యేది. గోడవార కుర్చీలే కోర్టు, పాత పత్రికలు పెట్టే బల్లే జడ్జిగారి పీఠం. దర్శకుడు డాక్టరుగారే. నాటకం రాసింది అక్క. జడ్జి వేషం అక్క మొగుడిది. వెనక నిలబడి మాటలు అందించే పని పిడుగుది. పిడుగంటే అక్కకు చెల్లెలు. కంప్యూటర్ల ఆఫీసులో పెద్ద ఉద్యోగమే చేస్తున్నా ఇంట్లో ఆ పేరు పోలేదు. పోయేలా ఆమె నడుచుకున్నదీ లేదు.

వచ్చిన చిక్కల్లా కాగితాలతో. ముసలివాడిలా కనిపిస్తానని బావగారు కళ్ళజోడు పెట్టుకోరు. అందుకని ఆయన ప్రతిని పెద్ద పెద్ద అక్షరాలతో అచ్చువేసేవారు. డాక్టరుగారు "నాలుగో పేజీ, పైనుంచి మూడో మాట" అంటే, ఆయన కాగితాల్లో అది ఎక్కడో చివర తేలేది. వెతికేలోపు దొంగ వేషం కట్టిన టైలరమ్మ ఒక కునుకు తీసేది. అడిగితే బావగారు ఒంటికాలి మీద లేచేవారు. "నాదే కరెక్టు. మీరంతా తప్పు పేజీ చూస్తున్నారు!"

"మాటకో నంబరు వేసేస్తే పోలా?" అంది పిడుగు ఇంటికొచ్చాక.

"ఎవరు వేస్తారే అన్ని? మధ్యలో నేనొక మాట చేరిస్తే మళ్ళీ మొదట్నుంచీ దిద్దుకోవాలి," అంది అక్క.

పిడుగు ల్యాప్‌టాప్‌లో కమాండ్లు కొట్టే నల్లతెర తెరిచి, ఎన్, ఎల్ అని రెండక్షరాలు కొట్టి, పక్కన నాటకం ఫైలు పేరు రాసి ఎంటర్ నొక్కింది. కనురెప్ప వేసేలోపు ప్రతి మాటకూ ఎడమపక్క ఒక అంకె వచ్చి కూర్చుంది. ఎంత పొడుగు మాటనైనా ఒకే వరుసగా కొట్టి, మాటకూ మాటకూ మధ్య ఒక వరుస ఖాళీగా వదలడం అక్క అలవాటు. ఆ ఖాళీల జోలికి కమాండు పోలేదు. రాత ఉన్నవాటినే లెక్కపెట్టింది. అక్క ముక్కున వేలేసుకుంది.

"ఖాళీ వరుసలు కూడా లెక్కపెట్టమంటే?"

"దానికీ ఉంది. పక్కన చిన్న గీత గీసి బి, ఎ అని చేరిస్తే చాలు."

అంటూండగానే పిడుగు కళ్ళు మెరిశాయి. "మా మరదలు మాటలందిస్తే వచ్చినవి కూడా మర్చిపోతున్నా" అని బావగారు అందరి ముందూ అన్న మాట ఆమెకింకా మంటగానే ఉంది. అక్క వంటింట్లోకి వెళ్ళగానే మిగతా అందరి ప్రతులూ మామూలుగా అచ్చు తీసి, బావగారిది మాత్రం ఖాళీలతో సహా నంబర్లు వేసి తీసింది.

మర్నాడు డాక్టరుగారు హుషారుగా చేతులు రుద్దుకున్నారు. "జడ్జిగారూ, ఇరవై నాలుగు అందుకోండి!"

బావగారు చూసుకున్నారు. ఇరవై నాలుగు ఉంది. దాని పక్కన ఏమీ లేదు. తనకు కనిపించడం లేదేమో అని కాగితం దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు. లేదని అంటే కళ్ళజోడు మాట వస్తుంది. అందుకని గడ్డం నిమురుకుంటూ టైలరమ్మ వైపు అలా చూస్తూ ఉండిపోయారు. పిడుగు చున్నీ నోట్లో కుక్కుకుంది.

"అబ్బ!" అన్నారు డాక్టరుగారు. "ఏం నటనండీ! ఒక్క మాట లేకుండా దొంగ గుండెలు పిండేశారు! సరే, ముప్పై ఒకటి."

ఈసారి మాట ఉంది. ఎవరి మాటో చూసే అలవాటు బావగారికి లేదు. బాగున్నవన్నీ తనవే అనుకుంటారు. గొంతు సవరించుకుని చదివేశారు. "అయ్యా, ఆ గడియారం కొట్టేసింది నేనే. నన్ను క్షమించండి!"

టైలరమ్మ పగలబడి నవ్వుతూ కుర్చీలోంచి జారిపోయింది. అక్క గబగబా వచ్చి రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి చూసి, చెల్లెలి చెవి పట్టుకుంది.

"ఇది నీ పనేనా?"

"ఆగవే," అన్నారు బావగారు, ఎవరూ ఊహించని విధంగా. "ఆ మౌనం నేను ఆలోచించే పెట్టా. పిల్లదేం చేసింది?"

డాక్టరుగారి పొగడ్త అప్పటికే ఆయన తలకెక్కింది. ఆ రోజునుంచి మాటకో మౌనం. పిడుగుకు దిక్కుతోచలేదు. ఏడిపిద్దామనుకున్న మనిషి ఎగిరి గంతేస్తున్నాడు.

ప్రదర్శన రోజు హాలు నిండింది. ఆఖరి రంగానికి ముందు జడ్జిగారు మాట్లాడాలి. మాట్లాడలేదు. పిడుగు తెర వెనకనుంచి మాట అందించింది.

"ఊరుకోవే, నటిస్తున్నా," అన్నారు బావగారు పెదవి కదపకుండా.

పిడుగు ఊరుకుంది. కాసేపటికి ఆయన చెవులు ఎర్రబడ్డాయి, మెడ మీద చెమట దిగింది. ఇది నటన కాదని ఆమెకు అర్థమైంది. మళ్ళీ అందించింది. కంగారులో ఆయనకు ఒక్క ముక్కా చెవికెక్కలేదు. ఉన్నట్టుండి సుత్తి తీసి బల్ల మీద దడాలున కొట్టారు.

"కోర్టు రేపటికి వాయిదా!"

తెర లాగేవాడు అయిపోయిందనుకుని లాగేశాడు. అక్క నెలల తరబడి చెక్కిన ఆఖరి రంగం లోపలే ఉండిపోయింది. బయట చప్పట్లు ఆగడం లేదు.

"దొంగకు శిక్షేమిటో తేల్చకుండా ఎంత తెలివిగా వదిలేశారమ్మా!" అని ఎవరో పెద్దాయన అక్క చేతులు పట్టుకుని ఊపేస్తున్నాడు. అక్క నవ్వుతూనే ఉంది. చూపు మాత్రం తెర చాటున ఇద్దరి కోసం వెతుకుతోంది.

"బావా, అక్క ఇటే వస్తోంది," అంది పిడుగు.

జడ్జిగారు నల్లకోటు మోకాళ్ళదాకా ఎత్తిపట్టుకుని వెనక తలుపు వైపు పరుగు లంకించుకున్నారు. మరదలు ఆయన్ని దాటేసి ముందే వీధిలో పడింది.