గంటా పది నిమిషాల తేడా

అతను పదిహేడో డిస్కుని అంచులు పట్టుకుని పైకి తీసి, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి బయటికి తుడిచాడు. గుండ్రంగా తుడిస్తే గీతలు పడతాయి. ఈ ముక్క పద్దెనిమిదేళ్ళుగా చెబుతూనే ఉన్నాడు, వినేవాళ్ళే మారుతున్నారు. విన్నవాళ్ళకి ప్రమోషన్లొచ్చాయి, చెప్పినవాడికి నడుంనొప్పి మిగిలింది. పోలీసు కేసుల సాక్ష్యాలు దాచే ఆ గదిలో చల్లగాలి కూడా యంత్రాల కోసమే, మనిషి కోసం కాదు. అతనికి ఉన్న ఆస్తల్లా ఒకటే: తన చేతిలో ఒక్క రికార్డూ చెడలేదు.

పాత వీడియోలన్నీ కొత్త సర్వరులోకి ఎక్కించి, ప్రతిదీ చివరిదాకా చూసి సంతకం పెట్టాలని పైనుంచి ఉత్తర్వు. పక్క బల్ల దగ్గర, కొత్తగా చేరిన అమ్మాయి ఆవులించింది.

"అంతా చూడాలా బాబాయ్? అంకె కలిసిందిగా."

"వీడియో అంటే ఒకట్లూ సున్నాలే తల్లీ. అన్నిటినీ లెక్కకట్టి యంత్రం ఓ అంకె ఇస్తుంది. ఒక్క సున్నా తారుమారైనా అంకె మారిపోతుంది. కలిసిందంటే నకలు నికార్సు."

"మరింకేం?"

"నకలు సంగతే దానికి తెలుసు. అసలు సంగతి నువ్వు చూడాలి."

"పిన్ని నిన్నెలా భరిస్తోందో."

"భరించట్లేదు. చెవుల్లో దూది పెట్టుకుంటోంది."

పదిహేడోది పదహారేళ్ళనాటి గిడ్డంగి హత్య. గుమాస్తాని మధ్యాహ్నం రెండున్నరకి చంపారు. రెండింటికే డ్యూటీ దిగి వెళ్ళిపోయానని కాపలాదారు నెత్తీనోరూ కొట్టుకున్నాడు. గేటు కెమెరాలో అతను బయటికి నడిచినప్పుడు మూడూ పది. అబద్ధాలకోరన్నారు, యావజ్జీవం వేశారు.

ఆ తర్వాతి భాగం ఎవరూ చూసినట్టు లేదు. మర్నాటి గేటు, ఓ కుక్క, ఓ లారీ. చివర్న సంచీ భుజాన వేసుకుని ఒకడు లోపలికొచ్చాడు. ఆ వంకర నడక తనదే. రికార్డు తీసుకోవడానికి వెళ్ళింది తనే. తెర మీద పన్నెండూ పది.

జత చేసిన ఫారం తీశాడు. తన గుండ్రటి అక్షరాల్లో, 'వచ్చిన సమయం: పదకొండు'. దాని కింద 'కెమెరా గడియారంలో తేడా' అన్న గడిలో చిన్న అడ్డగీత. ఎందుకు గీశాడో గుర్తు రాలేదు. ఆకలేసి ఉంటుంది. బస్సు తప్పిపోతుందనుకుని ఉంటాడు. మూడూ పదిలోంచి గంటా పది తీసేస్తే సరిగ్గా రెండు.

"ఏమైంది బాబాయ్?"

ఫారం పట్టుకుని మేడ మీద అధికారి దగ్గరికి వెళ్ళాడు. మోకాళ్ళు పట్టేసినా మధ్యలో ఆగలేదు.

"తప్పు నాదే సార్. ఈ కాయితం పంపితే ఆ మనిషి బయటికొస్తాడు."

అధికారి ఫైలు చివరి పేజీ దాకా తిప్పాడు.

"అతను ఏడో ఏటే పోయాడండీ, జైలు ఆసుపత్రిలో. అతని వస్తువులు వేసి వాళ్ళు పంపిన కవరు మీ గదిలోనే ఉంది. తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు."

"మరి, తేడా సార్?"

"రాసి పెట్టండి. అడిగేవాళ్ళెవరిప్పుడు."

కిందికొచ్చి, అడ్డగీత పక్కన ఎర్రసిరాతో 'గంటా పది నిమిషాలు ఎక్కువ' అని రాసి, తేదీ వేశాడు. చివరి అరలో కవరు దొరికింది. అందుకున్నవారి సంతకం తనదే. ఆ రోజూ గుర్తు లేదు. లక్క చిదిపి కవరుని బల్ల మీద బోర్లించాడు.

ఆడవాళ్ళ దువ్వెన ఒకటి పడింది. రెండు పళ్ళు విరిగాయి. మిగిలిన పళ్ళ మధ్య చిక్కుకుని, పొడుగాటి వెంట్రుక ఒకటి ఇంకా నల్లగానే ఉంది.