బావినీళ్ళ వ్యాసం

ఆమె కూరగాయలు తరుగుతుంటే భర్త వచ్చి, తన వ్యాసాన్ని ఎవరెవరు తమ రాతల్లో పేర్కొన్నారో వెతికిపెట్టమన్నాడు. పదోన్నతికి కావాలట. అవన్నీ ఒకచోట చూపించే సూచికకు కాలేజీ చందా కట్టడం మానేసింది. ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా అన్నాడు. వాడికొస్తే నీకొచ్చినట్టే కదమ్మా అని అత్తగారు వంత పాడింది. కిందటిసారి పదోన్నతి తప్పిపోయి అతను ముభావంగా తిరగడం ఆమె చూసిందే. జాలేసింది.

కత్తిపీట కడిగేసి, కూర పొయ్యిమీద పడేసి కంప్యూటర్ ముందు కూర్చుంది. వ్యాసం పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, ఊరికే చూడనిచ్చే చోటల్లా వెతికింది. దొరికిన ప్రతిదీ తెరిచి చివరనున్న ఆధారాలు చదివింది. కొందరు పేరు తప్పు రాస్తారని, అందులోంచి రెండు మాటలే తీసుకుని మళ్ళీ వెతికింది. ఈలోగా కూర అడుగంటింది.

ఆ వ్యాసం బావినీళ్ళలో ఉప్పు గురించి. ఇల్లిల్లూ తిరిగి సీసాల్లో నీళ్ళు పట్టింది ఆమె. పరీక్షించింది ఆమె. చంటిపిల్లను ఒళ్ళో వేసుకుని రాసిందీ ఆమే. అచ్చులో మాత్రం భర్త పేరొక్కటే వచ్చింది. అప్పుడడిగితే నవ్వి, మనం వేరా, నా పేరుంటే నీదున్నట్టే అన్నాడు. నిజమే కాబోలు అనుకుంది. ఆ కాబోలుతోనే ఇన్నేళ్ళు కాపురం చేసింది.

సాయంత్రం భర్త వచ్చి చూశాడు. చాలావరకు తన వ్యాసాన్ని తనే పేర్కొన్నవి. రాసినవాళ్ళ సొంతవి లెక్కలోకి రావని ఆఫీసులో ముందే చెప్పారు. అవి కొట్టేస్తే పదోన్నతికి కావలసిన లెక్కకు ఒకటి తక్కువైంది. గడ్డం గోక్కున్నాడు.

"కిందటేడు నీ పేరుతో అచ్చయిన వ్యాసంలో నా వ్యాసం పేర్కొన్నావుగా. అదీ వేసెయ్."

"నేను రాసింది కదండీ."

"అయితేనేం? నువ్వు వేరు, నేను వేరు. బయటివాళ్ళ కిందే లెక్క."

సీసాలు మోసిన రోజు ఇద్దరం ఒకటే, అనుకుంది ఆమె. పేరు వేసిన రోజూ ఒకటే. ఇవాళ అవసరం పడి వేరయ్యాం. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి పక్కన, నీడ ఉందనుకుంటూ ఇన్నాళ్ళు ఎండలోనే నడిచానా? కోపం రాలేదు. ఒళ్ళు తేలికైనట్టనిపించింది.

"అది వెయ్యను," అంది.

"ఏం?"

"రాసినవాళ్ళ సొంతవి లెక్కలోకి రావన్నారుగా. బావినీళ్ళ వ్యాసం రాసింది నేను."