దర్జీ బొటనవేలికి పాపాయి మేజోడు

పాపాయి కాలికి తొడిగే ఆ మేజోడు గుండె ఎలా కొట్టుకుంటోందో కనిపెట్టి తల్లి ఫోనుకు పంపుతుంది. తల్లి రెండు వీధుల అవతల కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీస్తోంది. కాన్పయ్యాక పనిలోకి వచ్చిన మొదటి రోజు. పాపను తన తండ్రికి అప్పగించి వచ్చింది. ఆయన ఇంట్లోనే బట్టలు కుట్టే దర్జీ. పిల్లను ఆయన చూసుకోగలిగితే సరి, లేదంటే ఈ పని వదులుకోవాల్సిందే.

కాసేపు అద్దం అరగదీయడం, కాసేపు ఫోను చూడడం.

"దాన్ని కూడా అరగదీస్తావేమిటే?" అంది షాపావిడ.

"చూడకపోతే చెయ్యి ఆడట్లేదక్కా."

మధ్యాహ్నం ఫోను కుయ్యిమంది. నూట ముప్పై దగ్గర ఆడాల్సిన అంకె అరవై ఐదుకు దిగి ఉంది. తండ్రికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. చెప్పులు బల్ల కిందే వదిలేసి పరుగు తీసింది.

తలుపు ఓరగా వేసి ఉంది. కుట్టుమిషను పక్కన చాప మీద తండ్రి గురక పెడుతున్నాడు. ఉయ్యాల తొట్టిలో పాపాయి వెల్లకిలా పడుకుని ఉంది. తల్లి అరచెయ్యి దాని పొట్ట మీద ఆనించింది. పొట్ట హాయిగా లేస్తోంది, దిగుతోంది. కాలికి మేజోడు లేదు. చూస్తే అది తండ్రి బొటనవేలికి ఉంది.

"నాన్నా."

"ఊఁ. అప్పుడే వచ్చేశావా?"

"అది నీ వేలికెందుకుంది?"

"మేజోడు పట్టీ కుట్టు ఒరుసుకుని దీని మడమ కందింది తల్లీ. విప్పి కుట్టాను. బిగుతో వదులో నేను తొడిగి చూడకుండా ఎవరికైనా ఇచ్చానా ఎప్పుడైనా? చూస్తూ చూస్తూ కన్నంటుకుంది."

"జాకెట్లు కూడా అలాగే చూసేవాడివా?"

"అవి మీ అమ్మ చూసేది."

ఆమె గోడకు జారగిలబడి కూర్చుంది. నవ్వొచ్చింది, దానితోపాటే కళ్లనీళ్లూ వచ్చాయి.

"ఫోనేదీ?"

"దిండు కింద పెట్టా. మోగితే ఇది లేస్తుందని."

"ఇకనుంచి పైన పెట్టు. అది తొడుక్కోవాలనిపిస్తే ముందు నాకు చెప్పి తొడుక్కో."

"సరేలే."

ఆమె పాపాయి మడమ వెలుగుకు తిప్పి చూసింది. సన్నటి ఎర్ర గీత. రోజూ తొడిగింది తనే. అంకెలు చూసిందిగానీ మడమ చూడలేదు. కందిన చోటు వదిలేసి రెండో కాలికి తొడిగింది. కొత్త కుట్టు మెత్తగా అమరింది. ఫోనులో అంకె మళ్లీ పైకెక్కింది.

"నేను షాపుకు పోతున్నా నాన్నా."

"ఉత్తకాళ్లతోనా? నా చెప్పులేసుకుపో."

"పెద్దవవుతాయేమో."

"తొడిగి చూడు మరి."

వదులే. టపటపలాడించుకుంటూ వీధిలో నడిచింది. షాపు గుమ్మం ఎక్కాకగానీ ఫోను చూడలేదన్న సంగతి గుర్తు రాలేదు. అప్పుడూ తీయలేదు. సగం అరిగిన అద్దం బల్ల మీద అలాగే ఉంది. అందుకుంది.