మేనేజరు గారికి ఇంటర్వ్యూ

మహమ్మారి రోజుల్లో మూతపడ్డ హోటల్ మళ్లీ తెరుస్తున్నారని ఫోను వచ్చేసరికి పెద్దక్క మేడ మీద బట్టలు ఆరేస్తోంది. ఆ హోటల్లో గదులు సర్దేవాళ్లందరి మీదా ఆమే పెత్తనం చేసేది. వయసుతో పని లేకుండా అందరూ ఆమెను పెద్దక్క అనే పిలిచేవారు.

"గదులన్నీ అప్పుడే బుక్కయిపోయాయి పెద్దక్కా! మన పాతవాళ్లందర్నీ పోగేసుకుని వచ్చెయ్యి," అన్నాడు మేనేజరు, నిన్న సాయంత్రమే విడిపోయినంత మామూలుగా. మధ్యలో రెండేళ్లు గడిచిపోయాయన్న సంగతి ఆయన మాటలో ఎక్కడా లేదు.

అయినా పెద్దక్కకు సంతోషంతో కాలు ఒకచోట నిలవలేదు. ఇన్నాళ్లూ ఆసుపత్రిలో వార్డులు తుడుస్తూ నెట్టుకొచ్చింది. తడి బట్టలు బకెట్లోనే వదిలేసి కింది వాటాలో ఉన్న తోడికోడలి దగ్గరికి పరుగెత్తింది. మంచం మీద దుప్పటి ముడత లేకుండా పరచడంలో ఆ తోడికోడల్ని మించినవాళ్లు హోటల్లో లేరు. ఇప్పుడు ఆన్‌లైన్ సామాన్ల గోదాములో ప్యాకింగ్ చేస్తోంది.

"నేను రానక్కా," అంది తోడికోడలు. "గోదాములో టైమైతే వదిలేస్తారు. మీ హోటల్లో ఎప్పుడు వదిలేవాళ్లో ఆ దేవుడికే తెలియాలి."

హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసిన ఇస్త్రీ బాబాయి, అది మూతపడ్డాక పాత వ్యాను కొనుక్కుని, దాన్లోనే బల్ల బిగించి, అపార్ట్‌మెంట్ల చుట్టూ తిరుగుతున్నాడు. పెద్దక్క వెళ్లేసరికి ఓ చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నడుపుతున్నాడు.

"హోటలంటే నాకేం కోపం లేదమ్మాయ్. కానీ ఇప్పుడు నన్ను ఒరేయ్ అనేవాడు లేడు. అనిపించుకునే అలవాటు తప్పిపోయింది," అన్నాడు.

తక్కినవాళ్లూ ఇంచుమించు ఇదే మాట. పెద్దక్క ముఖం వేలాడేసుకుని హోటలుకు వెళ్లి చెప్పింది.

మేనేజరు నమ్మలేదు. "పనుల్లేక జనం అల్లాడిపోతున్నారని పేపర్లో రాస్తున్నారే!"

"అది పాత పేపరేమో సార్. మనవాళ్లు ఆ అల్లాడడం అయిపోయి, ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు."

మేనేజరు హోటల్ గేటుకు 'పనివారు కావలెను' అని బోర్డు కట్టించాడు. వచ్చినవాళ్లు పని వేళలు అడిగి, విని, నవ్వి వెళ్లిపోయారు. చివరికి ఆదివారం ఆయనే ఒక పళ్ల సంచి పట్టుకుని పెద్దక్క ఇంటికి వచ్చాడు.

ఆయన వస్తున్నాడని పెద్దక్క కబురు పెట్టడంతో పాతవాళ్లంతా ముందుగదిలో కూర్చుని ఉన్నారు. మిగిలింది ఒక్క ప్లాస్టిక్ స్టూలు. ఆయన దాని మీద సర్దుకుని కూర్చున్నాడు. ఇస్త్రీ బాబాయి కళ్లజోడు తగిలించుకున్నాడు.

"చెప్పండి సార్. మీ అనుభవమెంత?"

గదంతా ఘొల్లుమంది. మేనేజరు కూడా నవ్వాడు. తోడికోడలు మాత్రం నవ్వలేదు.

"మూసేటప్పుడు, పరిస్థితి బాగుపడగానే కబురు చేస్తానన్నారు. ఉన్నామా పోయామా అని ఒక్కసారైనా అడిగారా?"

మేనేజరు చేతిలోని సంచి కింద పెట్టాడు.

"నన్నూ తీసేశారమ్మా. బావమరిది కొట్లో మేకులూ మరలూ తూచి అమ్మాను. సిగ్గేసి ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. చెయ్యాల్సింది."

"బావమరిది ఒరేయ్ అనేవాడా?" అని అడిగాడు బాబాయి మెల్లగా.

"అంటే బాగుణ్ణు. చిటికేసి పిలిచేవాడు."

ఈసారి తోడికోడలికీ నవ్వాగలేదు. ఆ నవ్వుతో గదిలో బిగువు సడలింది. తిరిగి రావాలంటే టైముకు వదలాలన్నారు. వారానికో సెలవు తప్పనిసరన్నారు. ఎవర్నైనా సరే మర్యాదగా పిలవాలన్నారు. మేనేజరు మెట్ల మీదికెళ్లి యజమానికి ఫోన్ చేశాడు. "లేదండీ, ఒప్పుకోకపోతే రారండీ... బయటా ఎవరూ దొరకడం లేదండీ... దుప్పట్లు మీరూ నేనూ పరచాలండీ," అంటున్న మాటలు లోపలికి స్పష్టంగా వినిపించాయి. కాసేపటికి ముఖం వెలిగిపోతూ తిరిగి వచ్చాడు.

బాబాయి మాత్రం ఉద్యోగం వద్దన్నాడు. "దుప్పట్లు నాకు పంపండి. నా బల్ల మీద నేనే ఇస్త్రీ చేసిస్తా. ఇంకో మనిషిని కూడా పెట్టుకుంటా."

"మరి నీకేం కావాలి పెద్దక్కా?" అన్నాడు మేనేజరు.

ఆమె తత్తరపడింది. అందరి కోసం తిరుగుతూ తన సంగతే మర్చిపోయింది. "నన్ను కూర్చోబెట్టే ఆ దుప్పట్ల గదికి గాలాడదు సార్. కిటికీ ఉన్న గదివ్వండి," అంది.

తెరిచిన రోజున ఇద్దరు మనుషులు తక్కువయ్యారు. మేనేజరు చొక్కా చేతులు మడిచి తానే రంగంలోకి దిగాడు. ఆయన పరిచిన దుప్పటి ఒక పక్క నేలను తాకుతుంటే, రెండో పక్క పరుపు బయటికి కనిపిస్తోంది. తోడికోడలు దాన్ని ఒక్క లాగు లాగి పారేసింది.

"ముందు మూల మడవండి సార్. అలా కాదు. నా చెయ్యి చూడండి."

ఆయన బుద్ధిగా చూస్తున్నాడు. అప్పటికే మొదటి అతిథి పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పెద్దక్క ఆ అతిథికో కుర్చీ వేసి, "ఒక్క నిమిషం కూర్చోండి బాబూ, కొత్తాయన నేర్చుకుంటున్నారు," అంది.