హారన్‌కి చేతులూపిన ఊరు

నెబ్రాస్కా రాష్ట్రం మొత్తం మీద విల్మర్ ష్రేడర్ అంతటి పెట్రోలు మొనగాడు పుట్టలేదు. కళ్ళు మూసుకుని, ట్యాంకులో పడే చప్పుడు విని, ఎన్ని గ్యాలన్లు పడ్డాయో చెప్పేవాడు. ఆయన పోస్తే చుక్క కిందపడేది కాదు. పడబోయిన చుక్క కూడా సిగ్గుపడి వెనక్కి వెళ్ళిపోయేది. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క బంకుకి ముప్పై ఏళ్ళు ఆయనే యజమాని. ఈ సంగతులన్నీ ఊరందరికీ తెలుసు, ఎందుకంటే విల్మరే అందరికీ చెప్పాడు.

అంతటి మొనగాడు ఓ మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి, ఒకప్పటి తన బంకులోనే, పెట్రోలు పోసుకునే దారి లేక వ్యానులో కూర్చుని ఉన్నాడు.

రెండేళ్ళ క్రితం చక్కెర జబ్బు రెండు కాళ్ళూ మోకాళ్ళదాకా పట్టుకుపోయింది. వ్యాను మాత్రం చేతి మీటలతో బ్రహ్మాండంగా నడుపుతాడు. ఆ మాట సర్కారు వారి ముందు రుజువు చేయాలి. పదకొండింటికి, నలభై మైళ్ళ అవతల, లైసెన్సు పరీక్ష. ఆయన పుట్టినరోజు ఇవాళే, పాత లైసెన్సుకి ఆఖరి రోజూ ఇవాళే. వెళ్ళకపోతే ఇక జీవితాంతం భార్య ఇడెల్లా పక్క సీట్లో కూర్చోవాలి. ఇడెల్లా పాతిక మైళ్ళ వేగం దాటదు, దారిలో కనిపించిన ప్రతి ఆవు గురించీ ఒక అభిప్రాయం చెబుతుంది.

ఆమె చెల్లెలి కంటి ఆపరేషనుకి వెళుతూ, "ట్యాంకు నింపి వెళ్ళనా?" అని అడిగింది కూడా.

"పెట్రోలు గురించి నాకు చెబుతున్నావా!" అన్నాడు విల్మర్.

ఇప్పుడు ముల్లు సున్నా మీద పడుకుని ఉంది.

చక్రాల కుర్చీలో దిగొచ్చు. కానీ పంపు చుట్టూ జానెడున్నర ఎత్తు సిమెంటు గట్టు. కార్డు పెట్టే సందు దానికీ పైన. 'ఇంత ఎత్తు గట్టు కట్టించిన వెధవ ఎవడు?' అనుకున్నాడు విల్మర్. ఆ వెధవ తనే. పంపులకి బంపర్లు తగులుతున్నాయని దగ్గరుండి మరీ కట్టించాడు. పెట్రోలు పోసే పనివాణ్ణి మానిపించి, 'ఎవరి బండికి వారే పోసుకోవలెను' అని బోర్డు పెట్టించిందీ తనే.

పంపు మీద చక్రాల కుర్చీ బొమ్మ కింద, సాయం కావలసినవారు రెండుసార్లు హారన్ కొట్టండి అని ఉంది. దాన్ని ఎనిమిది నిమిషాలు చదివాడు. తర్వాత దిక్కులు చూసి, దగ్గినట్టుగా రెండుసార్లు కొట్టాడు.

ఆ ఊళ్ళో రెండు హారన్లంటే 'బాగున్నారా' అని. రోడ్డు మీద పోతున్న పాత నేస్తం డువేన్ తన ట్రక్కు స్టీరింగ్ మీంచి ఒక వేలెత్తి 'బాగున్నాం' అన్నాడు. పోస్టాఫీసు మెట్లు దిగుతున్న ఇద్దరు ఆడవాళ్ళు చేతులూపారు. బంకు కొట్లో గల్లా దగ్గరున్న మార్లా అద్దంలోంచి పళ్ళికిలించింది.

విల్మర్ మళ్ళీ కొట్టాడు. ఊరు మళ్ళీ చేతులూపింది. ఈసారి గట్టిగా, ఆపకుండా కొట్టాడు. డువేన్ ట్రక్కు తిప్పుకుని వచ్చి, తనూ ఓసారి హారన్ కొట్టి, సంగతేమిటో చూద్దామని ఆగాడు.

మార్లా తలుపు దాకా వచ్చింది. "ఏంటి విల్మర్ గారూ, ఎవరిదైనా పెళ్ళా?"

"పెళ్ళేంటమ్మా! పెట్రోలు... పోయించుకోవాలి."

"అయ్యో దేవుడా! నేనొక్కదాన్నే ఉన్నానండీ. ఒంటరిగా ఉంటే గల్లా వదిలి రాకూడదని రూలు."

"ఎవడు పెట్టాడా రూలు?"

"కింద మీ సంతకమే ఉంది. చూపించమంటారా?"

విల్మర్‌కి మెడలోంచి చెవుల దాకా వేడెక్కింది. గడియారం పది కావస్తోంది. అద్దం పూర్తిగా దించి, బతుకులో ఎన్నడూ అనని మాట వీధికంతా వినబడేలా అనేశాడు. "ఒరేయ్ డువేనూ, నా వల్ల కావట్లేదురా. కాస్త సాయం చెయ్యి."

"ఆ ముక్క ముందే అంటే పోయేది కదరా! పలకరిస్తున్నావనుకుని ఊరంతా మురిసిపోతున్నాం." డువేన్ గొట్టం అందుకుని వ్యాను పక్కంతా తడిమాడు. "ఇంతకీ మూత ఎక్కడ?"

"నీ ఎదురుగానే."

"నా ఎదురుగా తలుపు గొళ్ళెం ఉందిరా. ఇందులో పోయమంటావా?"

చేతులూపిన ఆడవాళ్ళు కూడా వచ్చి వెతికారు. మూత అవతలి వైపుంది.

"మొనగాడా, నీ వ్యానుకి మూత ఎటుందో నీకు తెలీదా?"

ఇక దాచడానికేమీ మిగల్లేదు. విల్మర్ పగలబడి నవ్వాడు. "నాకెలా తెలుస్తుందిరా? నేను జన్మలో ఆ గొట్టం పట్టుకుంటేగా! మొదట పనివాడు పోశాడు, తర్వాత మీరే పోసుకున్నారు, నా బండికి ఇడెల్లా పోసింది. ముప్పై ఏళ్ళూ నేను చేసిందల్లా కుర్చీలో కూర్చుని మీకు చెప్పడమే!"

"చుక్క సిగ్గుపడి వెనక్కెళ్ళడమో?"

"సిగ్గుపడాల్సింది చుక్క కాదులే. ముందు పొయ్యి, టైమవుతోంది!"

వ్యాను తిప్పారు, ట్యాంకు నింపారు. అద్దం ఎవరు తుడవాలని ఆడవాళ్ళిద్దరూ పోటీపడి రెండుసార్లు తుడిచారు. విల్మర్ నాలుగు నిమిషాలు ముందే చేరుకున్నాడు, మీటలతో సర్కారు వారి చుట్టూ చక్కర్లు కొట్టి లైసెన్సు తెచ్చుకున్నాడు.

ఇందులో ఆ నాలుగు నిమిషాలు మాత్రం నేను కల్పించినవి. నిజానికి ఆరు నిమిషాలు ఆలస్యమైంది. పరీక్ష పెట్టే అమ్మాయి అప్పటికే కాగితాలు సర్దేసింది. "తల్లీ, కాస్త సాయం చెయ్యి" అని బతిమాలితే మళ్ళీ తీసింది. విల్మర్ ఒకే పూటలో రెండుసార్లు సాయం అడిగాడంటే ఎవరూ నమ్మరని అలా చెప్పాను.