పై అరలో కొత్త డిస్కు

ఇంట్లో అతన్ని ఎక్స్‌ప్రెస్ అంటారు. ఆ పేరు పెట్టింది వదిన. ముద్ద నోట్లో ఉండగానే చెప్పులేసుకునే మనిషికి అంతకన్నా తగిన పేరు ఎవరు పెట్టగలరు? కొరియర్ ఆఫీసులో ఏ పార్సెల్ ఏ బండిలో వెళ్లాలో తేల్చే ఉద్యోగం అతనిది. అక్కడి కంప్యూటరు పొద్దస్తమానం ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. బండి మార్చాలా, ఖాయమేనా? ఇది తీసేస్తే మళ్లీ రాదు, ఖాయమేనా? అవన్నీ చదువుతూ కూర్చుంటే పార్సెళ్లు గుమ్మం దాకా పేరుకుపోతాయి. అందుకని ప్రశ్న పూర్తిగా కనిపించకముందే అతని వేలు ‘అవును’ మీద పడిపోతుంది. ఆఫీసులో దాన్ని చురుకుదనం అని మెచ్చుకుంటారు. ఇంట్లో అదే కొంప ముంచింది.

వదిన సంగతి ముందు చెప్పాలి. ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. “బ్రేకు! బ్రేకు తొక్కవయ్యా మహానుభావా, అది నీ పెళ్లి ఊరేగింపు కాదు!” అని ఆవిడ ఒక్క కేక వేసిందంటే పక్క సందులో సైకిలు తొక్కేవాడు కూడా కాలు నేల మీద ఆనించేవాడు. అలాంటి గొంతులో గడ్డ లేచింది. స్వరపేటిక తీసేస్తే ప్రాణానికి ఢోకా లేదన్నారు డాక్టర్లు. మాట మాత్రం ఉండదన్నారు.

అయితే మాటలకు చికిత్స చేసే డాక్టరమ్మ ఒక దారి చూపించింది. గొంతు ఉండగానే తామిచ్చిన వాక్యాలన్నీ చదివి రికార్డు చేస్తే, వాటి నుంచి కంప్యూటర్లో అదే గొంతు తయారు చేస్తారట. తర్వాత వదిన ఫోన్లో ఏది టైపు చేసినా వదిన గొంతే పలుకుతుందట. ఆ మాట విన్నాక ఇంట్లో వాళ్లకు కాస్త ఊపిరి తీసుకోబుద్ధయింది.

వదిన మొగుడు, అంటే అతని అన్నకు డ్రైక్లీనింగ్ షాపు ఉంది. వెనక గదిలో వరసలుగా వేలాడే కోట్లు, కంబళ్లు బయటి చప్పుడునంతా మింగేస్తాయి. ప్లాస్టిక్ కవర్లు గరగరమంటున్నాయని అన్న ఒక్కొక్కటీ విప్పి పక్కన పెట్టాడు. ఆ బట్టల మధ్య స్టూలు వేసుకుని, షాపు మూసే వేళకు, వదిన రోజూ చదివింది. “కిటికీ దగ్గర రెండు కుర్చీలు ఉన్నాయి.” “మీ గడియారం ఆలస్యంగా నడుస్తోంది.” ఇలాంటి బోడి వాక్యాలు. “ఇవి నేను బతుకులో ఎప్పుడన్నా అంటానా?” అని నవ్వుకుంటూనే, నదురూ బెదురూ లేకుండా చదివింది. చివరి వాక్యం అయిన మర్నాటి నుంచే గొంతు బొంగురుపోయింది. అప్పటికి పని ముగిసింది కాబట్టి ఎవరూ బెంగపడలేదు.

రికార్డులతో లాప్‌టాప్ నిండిపోయింది. ఎక్స్‌ప్రెస్ వాటిని షాపు కంప్యూటర్లోంచి తీసిన పాత హార్డ్‌డిస్కులోకి మార్చి, లాప్‌టాప్ ఖాళీ చేశాడు. ఎల్లుండి ఆస్పత్రిలో చేరేటప్పుడు ఆ డిస్కు పట్టుకెళ్లి డాక్టరమ్మకు ఇవ్వాలి. “ఒక్కచోటే ఉంచకండి, డిస్కులు చెప్పి చెడిపోవు,” అని ఆవిడ హెచ్చరించింది. దాంతో అతను రెండు డిస్కులు పట్టే స్టోరేజ్ పెట్టె ఒకటి, కొత్త డిస్కు ఒకటి కొనుక్కొచ్చాడు. పెట్టెను వైఫై రౌటర్‌కు తగిలిస్తే ఇంట్లో ఏ ఫోన్లోంచైనా తెరిచి చూసుకోవచ్చు. ఒక డిస్కు పోయినా రెండోదానిలో అంతా భద్రంగా ఉంటుంది. ఆలోచన బంగారంలాంటిదే, కాదనను.

పెట్టెలో పైన ఒక అర, కింద ఒక అర. కొత్తది, పెద్దది కదా అని కొత్త డిస్కును పైన పెట్టాడు. పాతదాన్ని కిందకి తోశాడు. లాప్‌టాప్‌లో సెటప్ పేజీ తెరిచి, ‘రెండు డిస్కుల్లోనూ ఒకటే’ అన్నదాన్ని ఎంచుకున్నాడు. ఆస్పత్రి సంచిలో బట్టలు సర్దుకుంటున్న వదిన అతని భుజం మీంచి తొంగి చూసింది.

“ఎర్రగా ఏదో రాశాడు, ఏంట్రా అది?”

“అన్ని పెట్టెలూ అలాగే బెదిరిస్తాయిలే వదినా.”

“చదివి నొక్కు.”

“నొక్కేశాను.”

“నీ తొందర తగలెయ్య!” అంది వదిన, బొంగురు గొంతుతోనే. తెర మీద నీలం గీత మొదలైంది. అది ఎంతకీ కదలదు. అతను లేచాడు, కూర్చున్నాడు, పెట్టె మీద చెయ్యి పెట్టి వేడెక్కిందేమో చూశాడు, కేబులు ముట్టుకున్నాడు. వదిన ఆ చేతి మీద ఒక్కటి వేసింది. “అన్నం ఉడికేలోగా పదిసార్లు మూత తీసే రకానివి నువ్వు. నా మీద ఒట్టు, అది పూర్తయ్యేదాకా దాని జోలికి వెళ్లకు. పెట్టె పని పెట్టెను చేసుకోనీ.” స్కూల్లో కారు తాళాలు అప్పగించాలంటూ వెళ్లిపోయింది.

ఒట్టంటే ఒట్టే. పోనీ, చూస్తే తప్పేముంది? ఫోన్లోంచి పెట్టెను తెరిచాడు. తెరుచుకుంది. లోపల ఏమీ లేదు. పూర్తయితే కనిపిస్తాయిలే అనుకున్నాడు. వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చి మళ్లీ తెరిచాడు. ఏమీ లేదు. కిటికీ దగ్గరకు వెళ్లాడు, వీధిలో ఎవరో కుక్కను నడిపిస్తున్నారు, ఎవరో ఏమిటో కూడా అతనికి తలకెక్కలేదు. పాత డిస్కులో ఉన్నవి ఉన్నట్టు కనిపించాలి కదా? కొత్తదానిలోకి ఎక్కేవి ఆలస్యమైతే అవనీ, ఉన్నవి ఎక్కడికి పోతాయి? గీత సగం కూడా దాటలేదు. గోడ దగ్గర వంగి ప్లగ్గు పట్టుకున్నాడు. పీకితే రెండు డిస్కులూ పాడైతే? పీకకపోతే? వదిన మీద ఒట్టు, అదీ ఎల్లుండి ఆపరేషన్ పెట్టుకుని! చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషి దేనికోసమైనా చివరిదాకా ఆగాడంటే అది ఆరోజే. గీత నిండింది. పచ్చదీపం వెలిగింది. ఫోల్డరు మాత్రం బోసిగానే ఉంది.

పెట్టెను చంకన పెట్టుకుని డిస్కులు బాగుచేసే షాపుకు పరుగెత్తాడు. అక్కడి పెద్దాయన రెండు డిస్కులనూ తన కంప్యూటరుకు తగిలించి, చాలాసేపు చూసి, కళ్లజోడు తీశాడు.

“పైన పెట్టింది కొత్తదా బాబూ?”

“అవునండీ.”

“ఈ పెట్టె పైదాన్ని చూసి కిందదానిలో రాస్తుంది. పైన ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదాన్నే కిందకి దింపింది, మొదట్నుంచి చివరిదాకా.”

“ఏదో ఒకటి చెయ్యండి. సగమైనా.”

“మధ్యలో ప్లగ్గు పీకేసి తెచ్చుంటే సగం దొరికేదేమో. ఇంత ఓపిగ్గా పూర్తి కానిచ్చారు. ఇప్పుడు నా చేతిలో ఏం లేదు.”

ఓపిక ఉందని అతన్ని జీవితంలో ఎవరూ అనలేదు. ఆ షాపు మెట్ల మీదే కూలబడి ఏడ్చాడు. దారిన పోయేవాళ్లు చూస్తే చూడనీ అనుకున్నాడు. ఎవరితో చెప్పను, ఏ మొహం పెట్టుకుని చెప్పను అని కాసేపు తిట్టుకున్నాడు. దాచే వీలుందా అని కూడా ఒక క్షణం ఆలోచించాడు. మనిషన్నాక వస్తుంది ఆ బుద్ధి. అది కాసేపే. లేచి తిన్నగా అన్న షాపుకు వెళ్లాడు.

అన్న కౌంటరు దగ్గర కోటుకు గుండీ కుడుతున్నాడు. తాళాలు అప్పగించి వచ్చిన వదిన పక్కనే కూర్చుని ఉంది. అతను నిలబడే చెప్పేశాడు, పై అర, కింది అర, ఎర్ర అక్షరాలు, అన్నీ. అన్న సూది అలాగే పట్టుకుని ఉండిపోయాడు. వదిన తిట్టి ఉంటే బాగుండేది. వీధి అంతా వినబడేలా తిట్టే మనిషి, నోరు తెరిచి మూసి, వెనక గదిలోకి వెళ్లిపోయింది.

అతను వెనకే వెళ్లాడు. “వదినా, మళ్లీ చదువుదాం. ఇవాళా రేపూ ఉంది కదా. దారిలో డాక్టరమ్మకు ఫోన్ చేశాను. కొన్ని వాక్యాలైనా చాలట, సాఫీగా రాకపోయినా ఏదో ఒకటి చేస్తామంది.”

“ఏ గొంతుతో చదవనురా?” కోట్ల మధ్య నిలబడి అంది వదిన. ఆ మాట సగం గాలిగానే వచ్చింది. “ఇది నా గొంతా? ఇనప రేకు మీద గీకినట్టుంది. నాది నువ్వు తుడిచేశావు. దీన్ని దాచుకుని, బతికినంతకాలం వినాలా నేను?”

“నన్ను కొట్టు వదినా.”

“కొడితే వస్తుందా?” అంది. అప్పుడు ఏడ్చింది. ఆవిడ ఏడవటం అతను అంతకుముందు చూడలేదు. ఎదురుగా నిలబడలేకపోయాడు, బయటికి పోనూ లేకపోయాడు, వేలాడే హ్యాంగర్లను ఊరికే అటూ ఇటూ జరుపుతూ ఉండిపోయాడు.

అన్న లోపలికి వచ్చాడు. మాటలు పొదుపుగా వాడే మనిషి. స్టూలు జరిపి తుడిచాడు. “నీకు నచ్చదు సరే,” అన్నాడు భార్యతో. “నాకు కావాలి. బొంగురుదైనా, చిరిగిందైనా. నేనేం గీటురాయి మీద గీసి చూడను.”

వదిన కొంగుతో మొహం తుడుచుకుని స్టూలు మీద కూర్చుంది. “ఎక్స్‌ప్రెస్, ఆ మైకు ఇటు పెట్టు,” అంది.

చదవడం మొదలుపెట్టింది. కిటికీ, కుర్చీలు, గడియారం. రెండు వాక్యాలకోసారి ఆగి నీళ్లు తాగింది. ఒక్కోమాట మొదట్లోనే తెగిపోయేది, మళ్లీ అనేది. ఎక్స్‌ప్రెస్ కాళ్లు ఒకచోట నిలవడం లేదు, అయినా రికార్డు మీద వేలుంచి కదలకుండా కూర్చున్నాడు. అలా కొన్ని పదుల వాక్యాలయ్యేసరికి గొంతు ఇక లేవలేదు. చాలన్నట్టు చెయ్యి ఊపింది.

“ఇంకొక్కటి,” అన్నాడు అన్న.

ఏమిటన్నట్టు చూసింది.

“ఆ కాగితాల్లో నన్ను పిలిచేది లేదు. పోయినసారి చదివినవాటిలోనూ లేదు. నేనే చెబుదామనుకుని, సిగ్గేసి ఊరుకున్నాను.” తల దించుకున్నాడు. “ఒక్కసారి పిలువు. ఇంట్లో ఎలా పిలుస్తావో అలాగే.”

మరిది ఎదురుగా అలా పిలవాలంటే ఆవిడకు నవ్వొచ్చింది, ఆ నవ్వు దగ్గయిపోయింది. దగ్గు తగ్గేదాకా ఆగి, మైకు వైపు కాకుండా మొగుడి వైపు తిరిగింది.

“ఇదుగో, మిమ్మల్నే!”

“ఆఁ, వస్తున్నా,” అన్నాడు అన్న, మూరెడు దూరంలో కూర్చుని.

రికార్డులో మగగొంతు పడితే ఆ వాక్యం పనికిరాదు. డాక్టరమ్మ మొదట్లోనే చెప్పింది. ఆ సంగతి అన్నకూ తెలుసు.

“మీరు పలక్కూడదండీ,” అని గాలిలా అంది వదిన. “మళ్లీ పిలుస్తాను. ఊరుకోండి.”

మళ్లీ పిలిచింది. అన్న మళ్లీ పలికాడు.